సంఘపు గిడ్డంగికి కెమెరా కావలి: కొనుటకు ముందు చూడవలసిన పొంతన

పంట పండించుట యొక యెత్తు. పండినదానిని నిలుపుకొనుట యొక యెత్తు. మన పెద్దలు చేనిలో మంచె వేసికొని, ఒడిసెల చేతబట్టి, పగలు పిట్టలను, రాత్రి పందులను తోలుచుండిరి. కళ్లములో రాశి యున్నన్నాళ్లు ఇంటికొక మనిషి దాని ప్రక్కనే పండుకొనెడివాడు. నేడు కావలి కాయవలసిన స్థలములు పెరిగినవి. సంఘపు గిడ్డంగిలో ఎరువుల బస్తాలు, విత్తనములు, సభ్యుల ధాన్యము కలవు. పొలములో మోటారు, స్టార్టరు, రాగితీగ కలవు. వీనినన్నిటిని ఒక్క కావలివాడు రాత్రియంతయు కనిపెట్టుట సాధ్యము కాదు. అందుచే పెక్కు సంఘములలో “కెమెరాలు పెట్టింతము” అను మాట వినవచ్చుచున్నది.

మాట మంచిదే. అయితే అమ్మువారు సాధారణముగా కెమెరానే పొగడుదురు. ఇంత దూరము కనబడును, చీకటిలో కనబడును, సెల్‌ఫోనులో కనబడును అందురు. రైతు సోదరులారా, కెమెరా కన్ను మాత్రమే. ఆ కన్ను చూచినదానిని జ్ఞాపకముంచుకొని, అక్కరపడిననాడు తీసి చూపునది వేఱొకటి కలదు. అది కంప్యూటరులో నడచు సాఫ్ట్‌వేరు. కన్ను మంచిదై జ్ఞాపకము చెడ్డదైనను, రెండును మంచివై ఒండొంటితో పొసగకపోయినను, సంఘపు సొమ్ము వృథా యగును. ఒంగోలు గిత్త మంచిదే, దున్న మంచిదే. రెంటిని ఒక కాడికి కట్టి దున్నింపబోయినచో ఏమగునో మనకు తెలిసినదే. కావున ఈ వ్యాసమునందు కెమెరాకును రికార్డు చేయు సాఫ్ట్‌వేరునకును ఉండవలసిన పొంతనను గూర్చియు, ఆ సాఫ్ట్‌వేరు చేయగల పనులను గూర్చియు మాకు తెలిసినంతవరకు వివరింప దలచితిమి.

కెమెరా ఏ భాషలో మాటలాడును?

నేటి కెమెరాలలో పెక్కు తీగద్వారా గాని, వైఫైద్వారా గాని చిత్రమును అంకెల రూపమున పంపును. దానిని అందుకొను సాఫ్ట్‌వేరునకు ఆ కెమెరా భాష తెలియవలెను. తొలిదినములలో ప్రతి కంపెనీయు తనకొక భాషను కల్పించుకొని, తన కెమెరా తన పెట్టెతోనే మాటలాడునట్లు చేసెను. ఒక కంపెనీ కెమెరాలు కొన్నవాడు పెట్టె చెడినపుడు మరల ఆ కంపెనీ గుమ్మమే తొక్కవలసి వచ్చెను. ఇది షావుకారు వద్ద విత్తనము అప్పు తెచ్చి, పంటను అతనికే అమ్మవలసిన స్థితి వంటిది. అట్టి కట్టుబాటునుండి తప్పించుకొనుటకే మన సహకార సంఘములు పుట్టినవి గదా.

ఈ చిక్కు తీర్చుటకు 2008లో ఆక్సిస్, బాష్, సోనీ అను మూడు కంపెనీలవారు కలసి ఒన్విఫ్ అను సంస్థను స్థాపించిరి. కెమెరాలును రికార్డు పెట్టెలును అందఱికి తెలిసిన ఒక్క భాషలో మాటలాడవలెననుట దాని యుద్దేశము. తరువాత ఇతర కంపెనీలు పెక్కు దానిలో చేరినవి. ఒన్విఫ్ నియమములు పద్దులుగా విభజింపబడినవి. ‘ఎస్’ అను పద్దు చిత్రమును పంపుటకు; ‘జి’ అనునది రికార్డును దాచుటకు, వెదకుటకు; ‘టి’ అనునది క్రొత్త పద్ధతిని కుదించిన చిత్రమును పంపుటకు; ‘ఎం’ అనునది చిత్రములో మనిషి కలడా, బండి కలదా అను వివరములను పంపుటకు సంబంధించినవి. కావున “ఒన్విఫ్ ఉన్నదా?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. “ఏ పద్దు ఉన్నది?” అని యడుగవలెను. నియమములకు లోబడిన సరకుల జాబితాను ఆ సంస్థయే ఇంటర్నెట్టులో ప్రకటించుచున్నది. అమ్మువాని మాట నిజమో కాదో దానిలో మోడలు సంఖ్యను వెదకి తెలిసికొనవచ్చును.

ఒన్విఫ్ కంటె పాతదియు సులువైనదియు మఱియొక పద్ధతి కలదు. దానిని ఆర్.టి.ఎస్.పి. యందురు. ఇది 1998లో ప్రకటింపబడిన నియమము. కెమెరాకు ఒక చిరునామా యుండును. ఆ చిరునామాను సాఫ్ట్‌వేరునకు తెలిపినచో చిత్రము ప్రవాహమువలె వచ్చుచుండును. ఈ రెంటిలో ఏదియు లేని కెమెరాలును బజారులో చౌకగా దొరకుచున్నవి. అవి చిత్రమును నేరుగా కంపెనీవారి దూరపు కంప్యూటరునకు పంపి, అచటినుండి మన ఫోనునకు తెచ్చును. ఇంటర్నెట్టు నిలిచిపోయినచో వానిలో చాలవరకు మన ఆఫీసునుండియే మన గిడ్డంగిని చూడలేము. కంపెనీ తన సేవను మానుకొన్ననాడు కెమెరా గోడకు కొట్టిన మేకుతో సమానమగును. బ్యాటరీతో నడచు కెమెరాలలో పెక్కింటికి నిరంతరముగా చిత్రమును పంపు శక్తి లేదు. కదలిక కలిగినపుడే అవి మేల్కొనును. ఒంటరి మోటారు షెడ్డునకు అట్టివి పనికివచ్చునేమో గాని, గిడ్డంగికి చాలవు.

మఱియొక సంగతి. చిత్రమును ఉన్నదున్నట్లు పంపినచో ఏ తీగయు మోయలేదు. కావున కెమెరా దానిని కుదించి పంపును. 2003లో స్థిరపడిన హెచ్.264 అను పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. 2013లో వచ్చిన హెచ్.265 తక్కువ స్థలములోనే అంత స్పష్టతను నిలుపగలదు. కాని దానిని విప్పి చూపుటకు కంప్యూటరు ఎక్కువ శ్రమపడవలెను. అన్ని బ్రౌజరులలోను అది కనబడదు. సంఘములో నున్నది పాత కంప్యూటరైనచో హెచ్.264 కే కెమెరాను అమర్చుట క్షేమము.

సంఘమునందు ఇదివరకే కేబులుతో నడచు పాత కెమెరాలు, డి.వి.ఆర్. పెట్టె ఉన్నచో వానిని పాఱవేయ నక్కరలేదు. అట్టి పెట్టెలలో అనేకము ఆర్.టి.ఎస్.పి. ద్వారా చిత్రమును బయటకు ఇయ్యగలవు. అట్లు ఇయ్యగలిగినచో పాత కెమెరాలను, క్రొత్త కెమెరాలను ఒక్క సాఫ్ట్‌వేరు క్రిందికి తేవచ్చును.

ఒక దొంగతనమునుండి పుట్టిన సాఫ్ట్‌వేరు

ఉదాహరణముగా జోన్‌మైండరు అను సాఫ్ట్‌వేరును తీసికొందము. ఇది 2002లో తొలుత వెలువడినది. దీనిని రచించిన ఫిలిప్ కూంబ్స్ గారి గ్యారేజీలో దొంగలు పడి పనిముట్లు ఎత్తుకొనిపోయిరట. త్రోవను చూచు కెమెరా యొకటి యున్నచో ఎవరు, ఎప్పుడు వచ్చిరో తెలిసియుండునని తలచి, దొరకిన సాఫ్ట్‌వేరులు తృప్తి నియ్యక, ఆయన తానే యొకటి వ్రాసికొని లోకమునకు ఉచితముగా విడిచెను. నాటినుండి అనేకులు దానిని మెఱుగుపఱచుచున్నారు. దానికి వెల లేదు. వాడుకొనుటకు, మార్చుకొనుటకు, ఇతరులకు ఇచ్చుటకు అందఱికి హక్కు కలదు. ఒక విధముగా చూచినచో ఇది సహకార పద్ధతిని సాగిన వ్యవసాయమే.

అయితే జోన్‌మైండరు ముఖ్యముగా లైనక్స్ అను వ్యవస్థమీద నడచును. లైనక్స్ తెలిసిన యువకుడొకడు గ్రామమునందు గాని, దగ్గర పట్టణమునందు గాని లేనిచో, ఉచితమని దీనిని తెచ్చుకొనుట ఆవు ఉచితముగా వచ్చెనని గడ్డి సంగతి మఱచినట్లగును. విండోసుమీద మాత్రమే నడచు బ్లూ ఐరిస్ అనునది వెలయిచ్చి కొనవలసినది. ఏజెంటు డి.వి.ఆర్. అనునది విండోసు, లైనక్స్, మాక్ మూడింటిమీదను నడచును. ఫ్రిగేటు అనునది చిత్రములో కదలినది మనిషియా, కుక్కయా, బండియా అని గుర్తించుటలో పేరుపొందినది. దానికి సోర్సు బహిరంగమే గాని, వేగముగా గుర్తించుటకు ప్రత్యేకమైన యంత్రభాగమున్నచో మేలు. ఏది మంచిదను ప్రశ్నకు అందఱికి ఒక్క సమాధానము లేదు. మన కంప్యూటరు ఏది, మన కెమెరా ఏది, చెడినపుడు చూచువాడెవడు అను మూడింటికి పొంతన కుదిరినదే మనకు మంచిది.

అది చేయగల పనులు

ఇట్టి సాఫ్ట్‌వేరు నాలుగు విధములుగా కావలి కాయగలదు. ఒకటి, రికార్డు చేయక ఊరక చూపుట. రెండు, రేయింబవళ్లు విడువక రికార్డు చేయుట. మూడు, కదలిక కలిగినపుడే రికార్డు చేయుట. నాలుగు, ఎడతెగక రికార్డు చేయుచు, కదలిక కలిగిన చోట్ల గుర్తు పెట్టుట. గిడ్డంగి తలుపునకు నాలుగవ పద్ధతి తగినది. ఎందుకనగా, మూడవ పద్ధతియందు సాఫ్ట్‌వేరు కదలికను గ్రహింపలేకపోయినచో ఏమియు మిగులదు. నాలుగవదానియందు వెదకుట ఆలస్యమైనను రికార్డు మాత్రము నిలిచియుండును.

కదలిక కలిగిన తరువాతనే వ్రాయుట మొదలిడినచో దొంగ గోడ దిగుట తప్పిపోయి, వాని వీపు మాత్రమే దొరకును. అందుకై కొన్ని చిత్రములను ముందే జ్ఞాపకములో నిలుపుకొని, కదలిక కనబడగానే వానినికూడ రికార్డులో చేర్చు సౌకర్యము కలదు. కదలిక ఆగిన తరువాత మఱికొంతసేపు వ్రాయునట్లును అమర్చవచ్చును.

జోన్‌మైండరునకు ఆ పేరు తెచ్చినవి జోనులు, అనగా మండలములు. చిత్రముపై మనము గీతలు గీసి, చేనికి గట్లు వేసినట్లు భాగములు చేయవచ్చును. కదలికను లెక్కించుటకు సంబంధించి ఐదు తరగతుల మండలములు కలవు. మొదటి తరగతి చురుకైనది. అందు కదలిక కలిగినచో హెచ్చరిక పుట్టును. తలుపు, గేటు దీనిలో చేర్పవలెను. రెండవది తోడు మండలము; చురుకైన మండలములో కదలిక కలిగినపుడే దీనిలోని కదలికయు లెక్కకు వచ్చును. మూడవది దానికి విరుద్ధము; చురుకైన మండలము ప్రశాంతముగా నున్నపుడే ఇది లెక్కకు వచ్చును. నాలుగవది నిరోధించునది, దీనిలో మార్పు కనబడినచో హెచ్చరికయే పుట్టదు. బండ్ల దీపము, మెఱుపు వెలుగు పడెడి గోడను దీనిక్రింద ఉంచవచ్చును. అయిదవది నిర్జీవ మండలము. గాలికి ఊగు వేపకొమ్మను, రోడ్డును దీనిలో విడిచివేయవలెను. ఎంత పరిమాణము గల వస్తువు కదలిన లెక్కింపవలెనో కూడ నిర్ణయింపవచ్చును గాన, పిల్లి పోయిన ప్రతిసారియు సాఫ్ట్‌వేరు కేక వేయదు.

ఇన్ని యున్నను గ్రామ పరిస్థితులలో తప్పు హెచ్చరికలు తప్పవు. రాత్రివేళ కెమెరా తన పరారుణ దీపమును వెలిగించుకొనును. ఆ వెలుగునకు పురుగులు మూగును. పురుగులకై సాలీడు గూడు కట్టును. గూటి పోగు కంటియెదుట ఊగినచో సాఫ్ట్‌వేరునకు అది దూలమంత కనబడును. ఊకధూళి అద్దమును కప్పును. కావున వారమున కొకసారి మెత్తని గుడ్డతో అద్దము తుడుచుట ఒకరి బాధ్యతగా ఉండవలెను. ఏ సాఫ్ట్‌వేరును ఈ పని చేయదు.

ముఖము తెలియవలెనన్న

సాఫ్ట్‌వేరు ఎంత గొప్పదైనను కెమెరా చూడనిదానిని కల్పింపలేదు. 2014లో ప్రకటింపబడిన అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, తెలియని మనిషి ముఖమును గుర్తించుటకు చిత్రములో ఒక్కొక్క మీటరు వెడల్పునకు 250 చుక్కలు ఉండవలెను. తెలిసిన మనిషిని పోల్చుటకు 125 చాలును. సామాన్యమైన కెమెరా చిత్రమున అడ్డముగా 1920 చుక్కలు కలవు. 1920 ని 250 చే భాగించినచో సుమారు 7.7 వచ్చును. అనగా ఆ కెమెరా 7 మీటర్ల కన్న ఎక్కువ వెడల్పును చూపుచున్నచో అపరిచితుని ముఖము తెలియుట దుర్లభము. ఒక్క కెమెరాతో ఆవరణమంతయు చూడగోరిన సంఘమునకు ఆవరణమంతయు కనబడును గాని, దొంగ యెవడో కనబడడు. గేటునకును తలుపునకును దగ్గరగా ఒక్కొక్కటి పెట్టి, మిగిలిన స్థలమునకు దూరపు చూపు గలది యొకటి పెట్టుట మేలు.

దొంగలు పడిన ఆరు నెలలకు

“దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొఱిగినవి” అను సామెత రికార్డు విషయమున తలక్రిందులుగా వర్తించును. ఇచట కుక్క వేళకే మొఱుగును. మనము వినుటకు పోవునప్పటికి ఆ మొఱుగు చెరిగిపోయి యుండును. గిడ్డంగిలో బస్తాలు తగ్గినవని తెలియుట దొంగతనము జరిగిన మఱునాడు కాదు. నెల చివర సరకు లెక్కించునపుడు. రికార్డు పది దినములే నిలుచునట్లు అమర్చినచో, ఆనాటికి ఆ కెమెరా ఉండియు లేనిదే. కావున ఎన్ని దినములు నిలువవలెనో ముందు నిర్ణయించి, దానికి తగిన డిస్కు కొనవలెను.

లెక్క కష్టమైనది కాదు. కెమెరా సెకనునకు 2 మెగాబిట్లు పంపుచున్నదనుకొందము. దినమునకు 86,400 సెకనులు గాన, 1,72,800 మెగాబిట్లు అగును. 8 బిట్లు ఒక బైటు గాన, 8 చే భాగింపగా 21,600 మెగాబైట్లు, అనగా 21.6 గిగాబైట్లు. ఇట్టి కెమెరాలు నాలుగున్నచో దినమునకు 86.4, నలువది అయిదు దినములకు 3,888 గిగాబైట్లు. 4,000 గిగాబైట్లు గల 4 టెరాబైట్ల డిస్కులో ఇది ఇమిడినట్లే తోచును గాని, డిస్కును అంచువరకు నింపరాదు. నెలకొకసారి సరకు లెక్కించు సంఘమునకు అట్టి డిస్కు చాలును. మూడు నెలల కొకసారి లెక్కించు సంఘము డిస్కునైనను పెంచవలెను, లెక్కనైనను నెలకొకసారి చేయవలెను. రెండవదానికి ఖర్చు లేదు.

డిస్కు నిండవచ్చినపుడు పాత రికార్డును తుడిచి క్రొత్తదానికి చోటుచేయుట ఇట్టి సాఫ్ట్‌వేరుల స్వభావము. జోన్‌మైండరునందు దీనికై ఒక నియమము ముందే వ్రాయబడి యుండును. అయితే ఏదేని ఒక సంఘటనను ‘భద్రము’ అని గుర్తించినచో ఆ నియమము దానిని ముట్టదు. అనుమానము కలిగిన గడియలోనే ఆ గుర్తు పెట్టుట ఎట్లో కార్యదర్శికి, గుమాస్తాకు, కావలివానికి మువ్వురికి తెలిసియుండవలెను. ఒక్కనికి మాత్రమే తెలిసి, అతడు ఊరిలో లేనిచో తెలియనట్లే.

పద్దుల కంప్యూటరును దీనికి వాడరాదు

దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు పద్దులు ఏర్పఱచు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29 న, 2,516 కోట్ల రూపాయల ఖర్చుతో ఆమోదించినది. అందుచే సంఘపు ఆఫీసులో కంప్యూటరు ఉండుట ఇపుడు వింత కాదు. “ఉన్న కంప్యూటరులోనే కెమెరాలు నడుపుదము” అను ఆలోచన సహజముగా కలుగును. అది తగదు. సభ్యుల అప్పుల పద్దులు, పొదుపు పద్దులు ఉన్న యంత్రమునకు కెమెరాల తీగలు తగిలించుట ధాన్యపు గదిలో పొయ్యి పెట్టినట్లు. రికార్డునకు వేఱొక చిన్న కంప్యూటరు ఉండవలెను. అది తాళము గల గదిలో, కెమెరాలకు కనబడు చోట కాని, దొంగకు కనబడని చోట ఉండవలెను. దొంగ పోవుచు రికార్డు పెట్టెను కూడ ఎత్తుకొనిపోయినచో మిగిలినది శూన్యము.

తీగద్వారానే చిత్రమును, విద్యుత్తును పంపు పద్ధతి కలదు. అట్టి తీగ 100 మీటర్లవరకు పనిచేయును. ఒక్క ఇన్వర్టరు రికార్డు పెట్టెకును ఆ తీగల పెట్టెకును ఆధారమైనచో, కరెంటు పోయినను కెమెరాలన్నియు మేలుకొనియే యుండును.

కంచె చేను మేయకుండుటకు

కెమెరాయే ఒక చిన్న కంప్యూటరు అని మఱువరాదు. 2016లో మిరాయి అను దుష్ట సాఫ్ట్‌వేరు లోకమునందలి కెమెరాలలోనికిని రికార్డు పెట్టెలలోనికిని ప్రవేశించెను. అది వేసిన ఎత్తుగడ చాల చిన్నది. కర్మాగారమునుండి వచ్చిన పాస్‌వర్డును మార్చని యంత్రములను వెదకి, ఆ పాస్‌వర్డుతోనే తలుపు తీసెను. 2016 అక్టోబరు 21 న అట్టి యంత్రములన్నియు ఒక్కుమ్మడిగా దాడి చేయగా, పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటలకొలది నిలిచిపోయినవి. కంచె చేను మేయుట యన్న నిదియే.

కావున కెమెరా పెట్టిననాడే పాస్‌వర్డు మార్చవలెను. రికార్డు పెట్టెను నేరుగా ఇంటర్నెట్టునకు తెఱచి ఉంచరాదు. బయటినుండి చూడవలెనన్నచో వి.పి.ఎన్. అను రహస్య మార్గమును ఏర్పఱపించుకొనవలెను. మన దేశమునందు కెమెరాల భద్రతను పరీక్షించి ధ్రువపత్రము పొందవలెనను ప్రభుత్వ నియమము 2025 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చినది. క్రొత్త కెమెరాలు కొనునపుడు ఆ పత్రము చూపుమని అడుగుటకు సంఘము మొగమాటపడరాదు.

న్యాయస్థానమున నిలుచుటకు

దొంగ దొరకినను రికార్డు న్యాయస్థానమున చెల్లకపోయినచో ప్రయోజనము సగమే. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము, 2023 లోని 63 వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డులను గూర్చి చెప్పుచున్నది. రికార్డు నకలును దాఖలు చేయునపుడు దానితో ఒక ధ్రువపత్రము ఉండవలెను. దానిలో రెండు భాగములు: ఒకటి యంత్రము ఎవరి అధీనమున ఉన్నదో వారు వ్రాయునది, రెండవది నిపుణుడు వ్రాయునది. రికార్డు యొక్క హాష్ విలువను దానిలో తెలుపవలెను. హాష్ అనునది ఫైలు యొక్క వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క చుక్క మారినను ఆ ముద్ర మారిపోవును.

దీనివలన సాఫ్ట్‌వేరు ఎన్నికలో రెండు సంగతులు చూడవలెను. మొదటిది, రికార్డును ఎంపీ4 వంటి సామాన్య రూపమున తీసి ఇయ్యగలదా యనుట. కంపెనీవారి ప్రత్యేక ప్లేయరులో మాత్రమే కనబడు ఫైలును పట్టుకొని పోలీసు స్టేషనునకు పోయినవాడు, తాళము లేని పెట్టెను మోసికొనిపోయినవాడే. రెండవది గడియారము. కెమెరాలన్నియు ఒక్క రికార్డు పెట్టెనుండి వేళను దిద్దుకొనునట్లు అమర్చి, నెలకొకసారి సరిచూచి, పుస్తకమున వ్రాసియుంచవలెను. కెమెరాలో రెండు గంటల తేడా యున్నచో, ఆ వేళకు తాను ఇంటనే యుంటినని దొంగ సాక్ష్యము తెచ్చుకొనగలడు.

ఎవరిని చూడరాదు?

కావలి కన్ను గౌరవమును కూడ కాపాడవలెను. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24 న తీర్పు చెప్పినది. గిడ్డంగిలో బస్తాలు తూర్పారబట్టు స్త్రీలు, హమాలీలు మన సభ్యుల కుటుంబములవారే. వారు కూర్చుండి అన్నము తిను చోటికి, బట్టలు మార్చుకొను చోటికి, ప్రక్కవారి పెరటికి కెమెరాను త్రిప్పరాదు. కొన్ని సాఫ్ట్‌వేరులలో చిత్రములో కొంత భాగమును నల్లగా కప్పు సౌకర్యము కలదు. ప్రక్కయిల్లు తప్పక కనబడుచున్నచో దానిని వాడవలెను. “ఇచట కెమెరాలు కలవు” అను బోర్డు తెలుగున కట్టవలెను. రికార్డు చూచిన ప్రతివాని పేరు, తేది, కారణము ఒక పుస్తకమున వ్రాయవలెను. అధ్యక్షుడైనను ఆ పుస్తకమున వ్రాయకుండ చూడరాదు. ఈ కట్టుబాటు లేనిచోట కెమెరా దొంగను పట్టుటకు ముందు ఊరిలో తగవులు పెట్టును.

మొలక పరీక్ష

విత్తనము కొనగానే చేనంతయు చల్లము. నూరు గింజలను తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలచునో చూచి, పిమ్మట చల్లుదుము. ఇచటను అట్లే చేయవలెను. ఒక్క కెమెరాను, సాఫ్ట్‌వేరును ఏడు రాత్రులు పరీక్షకు తెచ్చి క్రింది సంగతులు చూడుడు.

1. ఒక సభ్యుడు రాత్రి గేటు దాటి నడువవలెను. అతని ముఖము అతనిని ఎఱుగనివానికి తెలియుచున్నదా?

2. రాత్రికి ఎన్ని తప్పు హెచ్చరికలు వచ్చినవి? మండలములు దిద్దిన తరువాత తగ్గినవా?

3. కరెంటు తీసి మరల ఇచ్చినచో, ఎవరును ముట్టకుండ సాఫ్ట్‌వేరు తానే లేచి రికార్డు మొదలిడినదా?

4. కెమెరా తీగ పెఱికినచో, కన్ను పోయినదని సాఫ్ట్‌వేరు తెలిపినదా?

5. ఇంటర్నెట్టు లేనపుడు ఆఫీసులో చిత్రము కనబడుచున్నదా, రికార్డగుచున్నదా?

6. పది నిమిషముల రికార్డును పెన్‌డ్రైవులోనికి తీసి, వేఱొక కంప్యూటరులో తెఱచినచో కనబడినదా?

7. వేఱొక కంపెనీ కెమెరాను ఒకదానిని తెచ్చి తగిలించినచో అదే సాఫ్ట్‌వేరు దానిని అందుకొన్నదా?

ఏడవ పరీక్షయే ముఖ్యమైనది. దానిలో నెగ్గినచో రేపు ఒక కంపెనీ మూతబడినను, వెల పెంచినను, మనము వేఱొకరియొద్దకు పోవచ్చును. రికార్డు మనయొద్దనే యుండును. ఓడినచో మిగిలిన ఆఱు బాగున్నను, సంఘము ఆ కంపెనీకి కౌలుదారగును.

పరీక్ష ఫలితములను సర్వసభ్య సమావేశమున చదివి, మోడలు సంఖ్యయు, ఒన్విఫ్ పద్దు పేరును, రికార్డు నిలువవలసిన దినముల సంఖ్యయు, రికార్డు చూచు అధికారము గలవారి పేర్లును తీర్మానములో వ్రాయించి, అటుపిమ్మట ధరల పట్టీలు పిలువవలెను. కెమెరాలు బిగించిన తరువాత కావలివానిని తీసివేయ నాలోచింపవలదు. కెమెరా చూచును, సాఫ్ట్‌వేరు వ్రాయును, లాంతరు పట్టుకొని లేచి, “ఎవరది?” అని అడుగువాడు మాత్రము మనిషియే.